ఏ కళింగనగరం? ఊరి పేరు పక్కన ఏటి పేరు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారాలు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం, కానీ మహేంద్రతనయ ఏరు దాటితే అవతల పాతపట్నం, అంటే ఆంధ్ర. తెలుగు పేపరు మాకు పొద్దున్నే శ్రీకాకుళం వైపు నుంచి వస్తుంది, మా నాన్నగారి కాలం నుంచి ఇంట్లో తెప్పించుకుంటున్నాం. నేను బజార్లో జెరాక్స్ షాపు నడుపుతున్నాను. ఒడియా దరఖాస్తులు, తెలుగు శుభలేఖలు, ఇంగ్లీషు బయోడేటాలు, అన్నీ ఒకే టేబుల్ మీద నడుస్తాయి. చరిత్ర నా సబ్జెక్టు కాదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక చార్టు.

కిందటి నెల ఒక సాయంత్రం మా వీధి పిల్లలిద్దరు షాపుకొచ్చారు. ఇద్దరూ ఏడో తరగతి, ఒకే బెంచీ, ఒకమ్మాయి ఇంట్లో తెలుగు, ఇంకో అమ్మాయి ఇంట్లో ఒడియా. బడిలో పాత కళింగ నగరాల మీద ప్రాజెక్టు చెయ్యమన్నారట. చార్టు పేపరు మీద పైన స్కెచ్‌పెన్నుతో పెద్దక్షరాల్లో కళింగనగరం అని రాశారు, కింద పాతకాలపు కళింగ రాజు ఖారవేలుడి గురించి నాలుగు లైన్లు, పక్కన శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం గుడి ఫోటో అంటించారు, ఆ పక్కన ఫోన్లో వెతికితే మొదట వచ్చిన ఫోటో ప్రింటవుట్ తీసి పెట్టమని నన్నడిగారు. తీశాను. కాగితం బయటికొచ్చాక చూస్తే అది ఉక్కు ఫ్యాక్టరీ, పొగగొట్టాలు! ఇదేంటమ్మా అంటే, "కళింగనగర్ అని కొడితే ఇదే వచ్చింది ఆంటీ" అంది ఒడియా అమ్మాయి. జాజ్‌పూర్ జిల్లాలో స్టీలు ప్లాంట్లున్న ప్రాంతం పేరు కూడా అదే కదా మరి.

ఇక అక్కడ మొదలైంది గొడవ. "పిన్నీ, మా తాతది ముఖలింగం దగ్గర ఊరు, కళింగనగరం అంటే ముఖలింగమే అని చెప్పాడు" అని తెలుగు అమ్మాయి. "కాదు, మా పుస్తకంలో భువనేశ్వర్ దగ్గర అని ఉంది" అని ఆమె. మాటకి మాట పెరిగింది. మాది అసలుది అంటే మాది అసలుది అనుకున్నారు, ఆఖరికి మీ తెలుగోళ్లు అన్నీ మీవే అంటారు, మీ ఒడియావాళ్లు అన్నీ లాక్కుంటారు అనేదాకా వచ్చింది. పన్నెండేళ్ల పిల్లలండీ. ఆ మాటలు వాళ్లవి కావు, ఎక్కడో పెద్దవాళ్ల నోట విన్నవి. నాకు గుండెల్లో కలుక్కుమంది. మా ఊళ్లో ఒకే అరుగు మీద రెండు భాషలూ పుట్టి పెరిగాయి, కూరగాయల బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది, అలాంటి చోట ఒక ఊరి పేరు కోసం పిల్లలు ఇలా విడిపోవడం చూడలేకపోయాను.

అప్పుడు మా తెలుగు పిల్ల బ్యాగులోంచి ఒక తెలుగు పేపరు కటింగు తీసింది. వంశధార ఒడ్డున కళింగనగరం ఉండేదని, దాని కోట గోడల్ని ఖారవేలుడు బాగుచేయించాడని, తర్వాత గంగరాజులు దాన్నే ఏలారని, అంతా ఒకే పేరాలో రాసేశారు. రెండు వేరువేరు ఊళ్లు, మధ్యలో ఐదారు వందల ఏళ్ల తేడా, రెంటినీ కలిపి ఒక్క ఊరు చేశారు. పిల్లలు తప్పు చేశారని ఎలా అంటాం, వాళ్లు చదివిందే అలా ఉంది.

నాకు తెలిసింది చెబుతాను. భువనేశ్వర్ పక్కన ఉదయగిరి కొండ మీద హాథీగుంఫా గుహలో ఖారవేలుడి శాసనం ఉంది. పట్టాభిషేకం అయిన మొదటి ఏడాదే, గాలివానకు దెబ్బతిన్న కళింగనగరి ద్వారాలూ ప్రాకారాలూ ఇళ్లూ బాగుచేయించాడని అందులో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఏం చేసిందో చూసినవాళ్లం కాబట్టి ఆ ఒక్క వాక్యం మాకు వేరుగా వినిపిస్తుంది. రెండువేల ఏళ్ల కిందటి రాజు కూడా గద్దెనెక్కగానే మొదట చేసిన పని తుఫాను మరమ్మతులే. ఆ కళింగనగరి భువనేశ్వర్ దగ్గరి శిశుపాలగఢ్ అయ్యుండాలని చాలామంది చరిత్రకారులు అంటారు. 1948లో పురావస్తు పండితుడు బి.బి.లాల్ అక్కడ తవ్వించారు. నలుచదరంగా కోట, ఒక్కో వైపు రెండేసి చొప్పున ఎనిమిది ద్వారాలు, చుట్టూ కందకం. ఇంతా చేసి కొందరు అదే అశోకుడి శాసనాల్లో కనిపించే తోసలి అంటారు. అంటే ఆ ఊరికే రెండు పేర్లు ముడిపడి ఉన్నాయి.

ఇటు మన కళింగనగరం గంగరాజులది. క్రీ.శ. 498 దగ్గర మొదలయ్యే గంగశకం ప్రకారం తేదీలు వేసుకున్న రాజులు కళింగనగరం నుంచి రాగి శాసనాలు ఇచ్చారు. ఆ ఊరు వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం అని శాసనాలు చదివి చెప్పినవారిలో మా ఊరి పంతులుగారు ఉన్నారు, గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగా ఆయన అందరికీ తెలుసు, ఆగస్టు 29న దండలు కూడా వేస్తారు, కానీ ఈ సంగతి మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో రాజావారి స్కూల్లో టీచరుగా చేరి, పాత లిపులు నేర్పే మనిషి దగ్గర్లో లేకపోయినా ముఖలింగం గుడి మీది శాసనాల్ని తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. గంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగి శాసనాన్ని పరిష్కరించి అచ్చు వేయించిందీ ఆయనే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు, ఇన్నేళ్లున్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ బాధ ఎలాంటిదో హద్దు మీద ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ముఖలింగం నేను ఎన్నోసార్లు వెళ్లాను. మధుకేశ్వరుడంటే ఇప్పచెట్టులోంచి వెలిసిన దేవుడని చెబుతారు, సవర గిరిజనుల కథ ఒకటి ఉంది దాని వెనక. గుడిలో స్తంభాల మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. మొన్న శివరాత్రి తర్వాత వెళ్లినప్పుడు ఒక స్తంభం దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. చేతులు తగిలి తగిలి రాయి నున్నగా అయిపోయింది, గుంటల్లో నూనె మురికి, పసుపు. ఒక అక్షరం 'న'లాగా ఉంది, ఇంకోటి ఒడియాదా తెలుగుదా చెప్పలేకపోయాను. వేలితో ఆ గీత వెంట పోతే ఒక వంపు దగ్గర ఆగిపోయింది, అక్కడ రాయి పెచ్చు లేచింది. ఆ రోజుల్లో చెక్కిన మనిషికి ఇది మాది, అది మీది అనే గొడవ ఉండి ఉండదు అనిపించింది.

అసలు ఒక పేరు రెండు మూడు ఊళ్లకు ఉండటం తప్పూ కాదు, దొంగతనమూ కాదు. జనం కదిలినప్పుడు పేర్లూ వాళ్ల వెంటే కదులుతాయి. గంగరాజుల్నే చూడండి. చోడగంగుడి కాలం నుంచి వాళ్ల పెత్తనం ఉత్తరానికి జరిగింది, ఆ వంశంలో 13వ శతాబ్దపు మూడో అనంగభీముడు మహానది ఒడ్డున కొత్త రాజధాని కట్టి దానికి ఏం పేరు పెట్టాడు? అభినవ వారణాసి కటకం! అదే ఇవాళ్టి కటక్. కాశీ పేరు పెట్టుకున్నాడు గానీ కాశీ నాదే అనలేదు, ముందు 'అభినవ' అని చేర్చాడు, చదివినవాడికి ఏ వారణాసో తెలిసిపోయేలా. ఆ ఒక్క మాటే ఇవాళ మన పేపర్లలో లేకుండా పోతోంది.

సింహపురం సంగతి ఇంకా పెద్దది, నాకు చాలా ఇష్టం కూడా. 4, 5 శతాబ్దాల్లో కళింగాధిపతులమని చెప్పుకున్న రాజులు సింహపురం నుంచి రాగి శాసనాలిచ్చారు. శ్రీకాకుళం పక్కన ఉన్న సింగుపురం అదేనంటారు, హైవే మీద పోతూ బోర్డు చూసి ఎంతమంది ఆగుతారో మరి. 12వ శతాబ్దం చివర్లో శ్రీలంకలో పొలొన్నరువను ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని రాతి మీద రాయించుకున్నాడు. అదే లంకవాళ్ల మహావంశంలో, లంకకు మొదటి రాజని చెప్పే విజయుడి తండ్రి సింహబాహు కట్టిన సింహపురం లాళ దేశంలో ఉంటుంది, అది ఇది కాదు. వియత్నాంలో చంపా రాజులకు ఒక సింహపురం ఉండేది, ఇప్పటి ట్రా కియూ. పంజాబులో ఉప్పు కొండల వైపు ఒక సింహపురాన్ని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ చూశాడు. నెల్లూరు విక్రమసింహపురి. ఇక సింగపూర్ అందరికీ తెలిసిందే. ఇప్పుడు ఎవరైనా 'సింహపురం నుంచి వచ్చిన రాజు' అని ఊరికే రాసి వదిలేస్తే ఏ సింహపురం అనుకోవాలి? శ్రీకాకుళం పిల్లవాడు సింగుపురం అనుకుంటాడు, నెల్లూరు పిల్లవాడు నెల్లూరు అనుకుంటాడు, ఇద్దరూ గర్వపడతారు, ఇద్దరిదీ తప్పే కావచ్చు.

దంతపురం కూడా అంతే. బుద్ధుడి దంతం ఉన్న కళింగ నగరం, అక్కడి నుంచే హేమమాల అనే రాకుమారి జడలో దాచుకుని దంతాన్ని లంకకు చేర్చిందని కథ. ఆమదాలవలస దగ్గర దంతపురం అనే ఊరు ఉంది, దంతవక్త్రుని కోట అంటారు. పూరీయే దంతపురం అన్నవాళ్లున్నారు. గంజాం జిల్లాలోని పాలూరు అన్నాడు ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ. తేలనిదాన్ని తేలినట్టు రాయడం ఎందుకు? 'ఇక్కడ అని కొందరు, అక్కడ అని కొందరు' అంటే పాఠకులేమీ కోపగించుకోరు.

మన దేశంలోనే కాదు, గ్రీకులకూ ఈ తంటా ఉంది. వాళ్ల ఊరు థీబ్స్, ఈజిప్టువాళ్లు వాసెత్ అని పిలుచుకునే పెద్ద నగరానికి కూడా వీళ్లు థీబ్స్ అనే పేరే పెట్టారు. కలిసిపోకుండా ఒకదాన్ని ఏడు ద్వారాల థీబ్స్, రెండోదాన్ని నూరు ద్వారాల థీబ్స్ అన్నారు. అలెగ్జాండరు క్రీ.పూ. 335లో ఆ గ్రీకు థీబ్స్‌ని నేలమట్టం చేశాడు, నాలుగేళ్లకు ఈజిప్టులో తన పేరుతో అలెగ్జాండ్రియా కట్టాడు. అక్కడితో ఆగలేదు, కాందహార్ వైపు ఒకటి, ఇప్పటి తజికిస్తాన్‌లో ఖుజంద్ దగ్గర మరొకటి, పోయిన చోటల్లా అదే పేరు. ఆ చివరిదానికి 'అన్నిటికన్నా దూరాన ఉన్నది' అని అర్థం వచ్చే మాట తగిలించారు. మనకు ఉత్తరాన మథుర, దక్షిణాన మధుర, దాన్నే దక్షిణ మధుర అని విడిగా చెప్పుకున్నాం. ఉత్తర తోసలి, దక్షిణ తోసలి అని ఒడిశా రాగి శాసనాల్లోనే ఉంది. ఫోనూ మ్యాపూ లేని కాలంలో ఇంత జాగ్రత్త పడ్డారు.

మా ఊరి పేరే చూడండి. కిమిడీలు మూడు, పర్లాకిమిడి, పెద్దకిమిడి, చిన్నకిమిడి. ఒడియాలో పరళా, బొడొ, సానొ అంటారు. మూడు చోట్లా రాజవంశాలు. ముందు ఆ ఒక్క ముక్క తీసేస్తే ఎవరిది ఏ కిమిడో ఎవరికీ తెలియదు. అందుకే మా పెద్దవాళ్లు ఉత్త 'కిమిడి' అని రాసిన కాగితం తీసుకునేవారు కాదు, పూర్తి పేరు రాయమని వెనక్కి పంపేవారు.

ఇదంతా పాత కథే కదా, ఇప్పుడు నష్టమేంటి అంటారేమో. నాకు నష్టం జరిగింది కాబట్టే చెబుతున్నాను. రెండేళ్ల కిందట మా తమ్ముడికి బరంపురంలో ఉద్యోగం ఇంటర్వ్యూ ఉంటే, వాడు చదివిన చోటు నుంచి ఒరిజినల్ సర్టిఫికెట్లు కొరియర్‌లో పంపారు. కవరు మీద బరంపురం పేరు ఇంగ్లీషులో రాశారు గానీ పిన్‌కోడ్ వేయలేదు, రాష్ట్రం రాయలేదు. తీసుకున్న కొరియర్ కౌంటరువాళ్లు బెంగాల్లో ముర్షీదాబాదు జిల్లా బహరంపూర్ అనుకుని అటు తోలేశారు. మా వైపు బరంపురానిది 760తో మొదలయ్యే పిన్, వాళ్లది 742తో. మూడంటే మూడు అంకెలు! రోజూ ఫోన్లో ట్రాకింగ్ చూసుకుంటూ మా అమ్మ తిండి మానేసింది, మా ఇంట్లో ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. కవరు తిరిగొచ్చేసరికి ఇంటర్వ్యూ తేదీ దాటిపోయింది. కోరాపుట్ జిల్లా జయపురం వాళ్లనడిగితే ఇలాంటివి బోలెడు చెబుతారు. రాజస్థాన్ జైపూర్ 1727లో పుట్టింది, అంతకు ముందు శతాబ్దంలోనే మా వైపు జయపురం రాజధాని అయింది, అయినా ప్రతిసారీ మేము వేరు అని చెప్పుకోవలసింది వీళ్లే. చిన్న ఊరివాళ్ల ఖర్మ అలా ఉంటుంది, పెద్ద ఊరి పేరు కింద పడి నలిగిపోతుంది. కళింగనగరం విషయంలోనూ రేపు అదే అవుతుంది, ఇప్పటికే వెతికితే మొదట వచ్చేది ఫ్యాక్టరీ.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మీ పేపర్లో పాత నగరాల గురించి ఎప్పుడు రాసినా, ముఖ్యంగా పిల్లల పేజీలో, ఊరి పేరు పక్కన ఏరు పేరు వేయండి, జిల్లా వేయండి, ఏ శతాబ్దమో ఒక్క అంకె వేయండి. వంశధార కళింగనగరం అంటే ముఖలింగం, దయానది వైపు కళింగనగరి అంటే శిశుపాలగఢ్, బ్రాహ్మణి వైపుది ఇవాళ్టి ఫ్యాక్టరీల ఊరు. రెండు మాటలే కదా, కాలమ్‌లో ఎంత చోటు పడుతుంది? శ్రీకాకుళం అని రాస్తే కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళమో, నాగావళి ఒడ్డు శ్రీకాకుళమో చెప్పండి. విజయనగరం అంటే తుంగభద్రదా, మన పూసపాటివారిదా చెప్పండి. అమరావతి అంటే మనదా, మహారాష్ట్రదా, చంపాదా చెప్పండి. పండితులు ఒప్పుకోని చోట 'అంటారు' అని ఒక ముక్క కలపండి. దయచేసి 'అసలైన కళింగనగరం ఇదే' లాంటి హెడ్డింగులు మాత్రం పెట్టకండి. మీకు అది ఒక హెడ్డింగు, హద్దు మీద మా బడిలో అది మర్నాడు ఒక తగాదా. ఒడియా పేపర్లవాళ్లకు కూడా ఇదే సంగతి ఒడియాలో రాసి పంపుతున్నాను, ఒక వైపు మాత్రమే చెప్పానని ఎవరూ అనుకోకూడదు.

చార్టు ఏమైందో చెప్పాలి. పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, బ్లేడుతో ఫోటోలు జాగ్రత్తగా లేపాము, ఫెవికాల్ ఎండిపోయిన చోట పేపరు పొర కూడా లేచొచ్చి తెల్ల మచ్చలు పడ్డాయి. వాటి మీదే మళ్లీ అంటించారు. పైన ఉన్న కళింగనగరం పక్కన బహువచనం చేర్చారు, ఒడియాలో ఎలా చేర్చాలో ఆ అమ్మాయి రాసింది. మూడు ఫోటోలు, కింద మూడు గీతలు నీలం రంగులో, అవి నదులు. ఫ్యాక్టరీ ఫోటో తీసేద్దామా అంటే ఇద్దరూ వద్దన్నారు, అదీ ఆ పేరు ఊరే కదా పిన్నీ అంది మా పిల్ల. శిశుపాలగఢ్ ఫోటోకి కలర్ ప్రింటు తీసిచ్చాను, డబ్బులు తీసుకోలేదు. ముఖలింగం స్తంభాల ఫోటోలు నా ఫోన్లో బాగున్నవి ఓ పది దాకా ఉన్నాయి, మీరు ఎప్పుడైనా ఆ ఊరి గురించి సరిగ్గా ఒక వ్యాసం వేస్తానంటే పంపిస్తాను, నా పేరు కూడా వేయక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, మహేంద్రతనయ ఒడ్డు,
గజపతి జిల్లా, ఒడిశా.